జాడ తీసే పనితనం

రాత్రి పందులు పడ్డ చేను దగ్గరికి పొద్దుపొడుపునే నలుగురు పరుగెత్తుకొస్తే, వాళ్లలో జాడ తెలిసిన మనిషి ఎవరో కనిపెట్టడం కష్టం కాదు. ముగ్గురు నేరుగా చేలోకి దిగిపోతారు. పీకి పారేసిన మొక్కలు చేతిలోకి తీసుకుని, పోయిన పంటను లెక్కేసుకుంటూ, పందుల్నీ సర్కారునీ కలిపి తిడతారు. నాలుగో మనిషి గట్టు దాటడు. పొద్దు ఏ పక్కన ఉందో చూసుకుని, చేను తనకూ సూర్యుడికీ మధ్యన ఉండేలా నిలబడతాడు. లేత ఎండ ఏటవాలుగా పడి అడుగుల అంచులకు నీడ కడుతుంది. అదే అడుగు మిట్టమధ్యాహ్నం వెతికితే కళ్లకు ఆనదు. ఆ నీడ ఉన్న కాసేపట్లోనే గట్టు వెంబడి చేను చుట్టూ ఒకసారి తిరిగొస్తాడు. లోపలికి కాలు పెట్టేది ఆ తర్వాతే.

నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమలను ఆనుకున్న పల్లెల్లో ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారు. వానాకాలంలో మక్క, యాసంగిలో పల్లి. రెండూ అడవిపందికి ఇష్టమే. అచ్చంపేట వైపు చేలకు కావలి కాసే ఒక పెద్దాయన వెంట తిరిగి, ఆయన పని చూసే అవకాశం నాకు దొరికింది. ఊరందరికీ ఆయన పెద్దయ్య. చిన్నప్పుడు చెంచుల వెంట అడవిలో తిరిగి ఈ విద్య పట్టుకున్నాడు. నల్లమలలో జాడ తీయడంలో చెంచులను మించినవాళ్లు లేరని అటవీశాఖకూ తెలుసు. అందుకే పులుల రక్షణ క్యాంపుల్లో కావలికి వాళ్లనే పెట్టుకుంటుంది. పెద్దయ్యకు తుపాకీ లేదు, దాంతో పనీ లేదు. కాల్చేవాళ్లు వేరే. ఎక్కడ కూర్చోవాలో, ఏ జాములో కూర్చోవాలో, ఏ పందిని వదిలెయ్యాలో చెప్పడం ఆయన వంతు. వేట గురించి రాసేవాళ్లలో చాలామంది తుపాకీ పేలిన క్షణాన్నే పట్టుకుంటారు. ఆయన పని చూశాక, ఆ క్షణానికి ముందే పనిలో ముప్పాతిక భాగం ముగిసిపోతుందని నాకు నమ్మకం కుదిరింది.

మొదట తేల్చాల్సింది, వచ్చింది పందేనా అని. పల్లిచేలో కనిపించిన ప్రతి గుంటా పంది తవ్వింది కాదు. ముళ్లపంది కూడా రాత్రే వస్తుంది, గడ్డలూ వేళ్లూ దానికీ కావాలి. అయితే అది కాలిగోళ్లతో తవ్వుతుంది. గుంట చిన్నగా, లోతుగా, ఒక్కచోట ఉంటుంది. పక్కన గోటి గీతలు ఉంటాయి, ఒక్కోసారి రాలిపోయిన ముల్లు కూడా దొరుకుతుంది. ఎలుగుబంటి తవ్వకాలు ఎక్కువగా చెదపుట్టల దగ్గర. పందికి కాళ్లతో తవ్వే అలవాటు లేదు, దాని పనిముట్టు ముట్టె. ముక్కు కొసన గట్టి బిళ్ల, దానికి లోపలినుంచి ఆసరాగా ఒక చిన్న ఎముక, వెనక మెడ కండరాల బలం. ముట్టెను నేలలో దించి తోసుకుంటూ పోతే నాగలి దున్నినట్టు చాలు పడుతుంది, మట్టి ముందుకూ పక్కలకూ పెళ్లగిలి పడుతుంది. పెద్దయ్య మొదట చాలు కొస చూస్తాడు. మట్టి ఎటు పెళ్లగిలిందో పంది ముఖం అటు ఉన్నట్టు. పంట లేని బీడులో ఇలాంటి చాళ్లు కనపడితే అవి తుంగగడ్డల కోసమో, వానపాముల కోసమో, మట్టిలోని లావు పురుగుల కోసమో పడ్డవి. వాటిని చూసి పక్క చేను రైతు ముందే జాగ్రత్త పడాలని ఆయన చెబుతాడు. బీడులో తిండి అయిపోయాక అవి వచ్చేది అటే.

మక్కచేలో ఈ తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. కోతి కంకి విరిచి, పొట్టు ఒలిచి, సగం తిని పారేస్తుంది. మొక్క మాత్రం నిలబడే ఉంటుంది. చిలక కంకి మీద వాలి పొట్టు చీల్చి గింజ తీస్తుంది. పంది మొక్కనే పడగొట్టి, కంకిని పొట్టుతో సహా నమిలి, పిప్పి ఉమ్మేస్తుంది. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. పల్లిచేలో అయితే సాలు వెంబడి వరసగా మొక్కలు పెకలించి, కాయలు అక్కడికక్కడే నమిలి, తొక్కల ముద్ద వదిలేస్తుంది. విత్తిన వారంలోపే వచ్చి సాలు పొడవునా విత్తనాలు ఏరుకుతిన్న రోజులూ ఉన్నాయి. అప్పుడు మొలక రాని సాలును చూసి విత్తనం మీద అనుమానపడిన రైతు, పెద్దయ్య వచ్చి చాలు చూపించాక గానీ నమ్మడు.

అడుగు దగ్గర ఆయన గొంతుక్కూర్చుంటాడు. చేత్తో తాకడు. సన్నటి పుల్ల ఒకటి పట్టుకుని, అది కూడా మట్టికి తగలకుండా, గాలిలోనే గీస్తూ చూపిస్తాడు. దుప్పిదీ పందిదీ రెండూ చీలిన డెక్కలే. దుప్పి అడుగు సన్నగా, ముందుకు మొనదేలి ఉంటుంది. పంది డెక్కల కొసలు మొండిగా, గుండ్రంగా, రెండూ కాస్త ఎడంగా ఉంటాయి. కొసలు చూసి తేల్చేస్తే గట్టి నేల మీద మోసపోతామని ఆయన మాట. పుల్ల వెనక్కి జరుగుతుంది. పంది కాలికి డెక్కల వెనక, కాస్త పైన, రెండు చిన్న గోళ్లు ఉంటాయి. దుప్పికీ ఉంటాయి గానీ మరీ పైకి. బురదలో దిగబడితేనో, బలంగా దూకితేనో తప్ప నేలకు అందవు. పందికి అవి కిందికి దిగి, పక్కలకు తిరిగి ఉంటాయి. మెత్తటి నేలలో మామూలుగా నడిచినా డెక్కల వెనక రెండు చిన్న గుంటలు పడతాయి, అవి డెక్కల వెడల్పు దాటి బయటికి ఉంటాయి. పెద్దయ్య పుల్లతో ఆ నాలుగు గుర్తులనూ కలుపుతూ గాలిలో గీత గీస్తే ముందు ఇరుగ్గా, వెనక వెడల్పుగా ఒక ఆకారం తేలుతుంది. అది కుదిరితే ఇక సందేహం లేదు. పిల్లల అడుగుల్లో వెనక గుంటలు పడకపోవచ్చు. అప్పుడు దగ్గర్లోనే తల్లి అడుగు వెతుకుతాడు.

పెద్ద పంది డెక్కల అచ్చు రెండు, రెండున్నర అంగుళాల పొడవు ఉంటుంది. ముందుకాలి అడుగు వెనకకాలి అడుగు కన్నా పెద్దది. నడకలో వెనకకాలు దాదాపు ముందుకాలి అడుగు మీదే పడుతుంది, కాబట్టి కలగలిసిన అచ్చును కొలిచి పంది పెద్దదనుకోకూడదు. విడిగా పడ్డ అడుగు దొరికేదాకా ఆయన కొలత వెయ్యడు. ఊరపంది సంగతి అడిగితే, అడుగులో తేడా తెలియదని ఆయనే ఒప్పుకుంటాడు. అది ఊళ్లోకి పోతుంది, ఇది అడవిలోకి పోతుంది. జాడ వెంట రెండు చేలు నడిస్తే అదే తేలుతుందంటాడు.

ఇంతవరకూ చెప్పింది శ్రద్ధ ఉన్నవాళ్లు ఎవరైనా ఒక పంటకాలంలో నేర్చుకోగలరు. ఈ అడుగు ఎప్పటిదని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. పెద్దయ్య ఘనత అక్కడ మొదలవుతుంది.

పుష్యమాసపు పొద్దున ఒకటి చెబుతాను. కాలువ పక్క ఒండ్రుమట్టిలో పెద్ద అడుగు ఒకటి, అంచులు చెక్కుచెదరకుండా ఉంది. చేను రైతు, పాతికేళ్ల కుర్రవాడు, దాన్ని చూడగానే, "రాత్రిదే తాతా, తెల్లారగట్ల కుక్కలు మొరిగినయి," అన్నాడు. పెద్దయ్య తల అడ్డంగా ఊపాడు. "రాత్రిది గాదు బిడ్డా. నిన్నటి పగలంతా చూసింది ఇది. చీమలను చూడు." అడుగు లోపల ఒక మూలన చీమలు తోడిపోసిన సన్నటి మట్టి గింజలు కుప్పగా ఉన్నాయి. చలిరాత్రి ఆ చీమలు బయటికి రావని, నిన్న ఎండలో తోడిన మన్ను అని ఆయన వివరించాడు. తర్వాత పుల్ల ఆ అచ్చు అడుగుభాగం వైపు తిరిగింది. కొత్త అడుగులో కిందినుంచి పైకొచ్చిన తడిమట్టి చుట్టుపక్కల మట్టి కన్నా ముదురు రంగులో ఉంటుంది; ఆరేకొద్దీ పాలిపోయి చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. ఇది కలిసిపోయింది. పక్కన తొక్కుడుపడ్డ గడ్డిపరకలు సగానికి పైగా లేచాయి. అడుగుకు ఈ పక్క గడ్డి నుంచి ఆ పక్క గడ్డికి సాలెపురుగు ఒక పోగు కట్టింది, దాని మీద మంచు బొట్లు వేలాడుతున్నాయి. మంచు పడేనాటికే పోగు ఉంది. పోగు కట్టేనాటికే పంది పోయింది. నాలుగు సాక్ష్యాలు నాలుగు దిక్కులనుంచి వచ్చి ఒకే చోట కలిశాయి. ఏ ఒక్కదానితోనూ ఆయన తీర్పు చెప్పలేదు. ఆయనలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఈ నిగ్రహాన్నే.

అయితే రాత్రి కుక్కలు మొరిగింది దేనికి? కుర్రవాడి మాటనూ ఆయన కొట్టిపారెయ్యలేదు. చేనుకు అటువైపు, గరికలో, మంచు రాలి నల్లగా కనిపిస్తున్న బాట ఒకటి చూపించాడు. మిగతా గడ్డి అంతా మంచుతో తెల్లగా ఉంది, ఆ బాటలో మాత్రం లేదు. మంచు బాగా పట్టాక ఏదో దానిలోంచి నడిచింది, అంటే తెల్లవారుజామున. బాట వెంట పోతే అడుగులు దొరికాయి, అవి ఒక్క నక్కవి. పంది నిన్న రాత్రి రానేలేదు, అంతకు ముందు రాత్రి వచ్చి పోయింది. ఈ తేడా చిన్నది కాదు. రోజూ వచ్చే పందికి కాపు కాసే పద్ధతి వేరు, రోజు విడిచి రోజు నాలుగు చేలు తిరిగే పందికి వేరు.

ఈ చూపు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే ఇంకా ఆశ్చర్యం. సాయంత్రం పూట ఆయన గట్టు మీద ఒకచోట తన మడమతో మట్టిని నొక్కి వస్తాడు. పొద్దున్నే ముందు దాన్ని చూస్తాడు. ఒక రాత్రి గడిచిన గుర్తు ఆ మట్టిలో, ఆ చలిలో, ఆ గాలికి ఎలా మారుతుందో దాన్నిబట్టి సరిచూసుకుని, అప్పుడు పంది అడుగు దగ్గరికి పోతాడు. ఇసుకనేలలో అంచు తొందరగా రాలుతుంది, రేగడిలో రోజుల తరబడి నిలుస్తుంది, కాబట్టి రెండు నేలల్లోనూ విడివిడిగా నొక్కుతాడు. పందులు దాటే గట్టును చీకటి పడేముందు తుమ్మకొమ్మతో ఊడ్చిపెడతాడు. మర్నాడు ఆ ఊడ్చిన మేర మీద ఉన్నదంతా ఆ రాత్రిదే. వానాకాలంలో చినుకులు ఈ పని చేసిపెడతాయి: అడుగు లోపల చినుకు దెబ్బలుంటే వానకు ముందుది, లేకపోతే తర్వాతది. వాన ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో ఆయన నిద్రలో కూడా గమనిస్తాడని ఊళ్లో చెప్పుకుంటారు.

ఎన్ని వచ్చాయో తేల్చడానికి గుంపు నడిచిన బాట పనికిరాదు, అడుగు మీద అడుగు పడి అంతా కలగాపులగం అయిపోతుంది. చేను అంచున గుంపు విడిపోయి దేని సాలు అది పట్టే చోట లెక్క దొరుకుతుంది. ఆడపందులూ పిల్లలూ కలిసి తిరుగుతాయి. ఎదిగిన మగపంది జతకట్టే కాలంలో తప్ప ఒంటరి. పెద్ద అడుగు ఒక్కటే ఉంటే ఒక సంగతి. మధ్యస్థం అడుగుల చుట్టూ చిన్నచిన్నవి గిరికీలు కొట్టి ఉంటే ఇంకో సంగతి.

తర్వాత జాడను చేలోంచి వెనక్కి పడతాడు. తిన్నచోటు కన్నా వచ్చిన దారి ఎక్కువ చెబుతుందని ఆయన నమ్మకం. దుప్పి కంచె మీదుగా దూకుతుంది, పంది కిందినుంచి దూరుతుంది. ముళ్లతీగ అట్టడుగు వరసలో వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు: నల్లగా, బిరుసుగా, కొసన రెండు మూడు పాయలుగా చీలి ఉంది. అడవిపంది వెంట్రుకకు అది గట్టి ఆనవాలు. కంచె దాటాక వాగు, వాగు మలుపులో పంది పొర్లిన గుంట. పందికి చెమటపట్టి ఒళ్లు చల్లబడే వీలు లేదు. ఒంటి వేడి దించుకోవడానికీ, పిడుదులను వదిలించుకోవడానికీ బురదే దిక్కు. గుంటలో నీళ్లు కలకబారి ఉంటే అప్పుడే లేచిపోయినట్టు, మన్ను అడుగున పేరుకుని పైన తేటనీరు నిలిస్తే చాలాసేపైనట్టు. గుంట గోడకు ఒత్తుకున్న బురదలో వెంట్రుకల గీతలు కూడా స్పష్టంగా దిగి ఉన్నాయి.

గుంట దాటి పది అడుగుల్లో ఒక నల్లమద్ది. బెరడు పగుళ్లలో బురద అతుక్కుని ఉంది. లేచిన పంది ముందు ఇక్కడికే వచ్చి ఒళ్లు రుద్దుకుంటుంది. పెద్దయ్య చెట్టును ఆనుకుని నిలబడి బురద ఎంత ఎత్తున ఉందో తన కాలితో కొలుచుకున్నాడు. మోకాలి దాకా ఒక మందపాటి పట్టీ, అది ఆడపందులదీ ఎదిగే పిల్లలదీ. తొడ మధ్య దాకా ఇంకో మరక, అది వేరే పంది. కింది పట్టీ బూడిద రంగుకు ఆరిపోయి గోటితో గీరితే పొడిగా రాలింది. పై మరక ఇంకా గోధుమరంగులో, వేలికి అంటింది. గుంపు ముందొచ్చింది, పెద్దది ఒక్కటే తర్వాత వచ్చింది. ఆ మరకకు కొంచెం పైన బెరడులో ఏటవాలుగా రెండు కోతలు ఉన్నాయి. మగపంది కిందికోర పైకోరకు రాసుకుని రాసుకుని పదునెక్కుతుంది. అది చెట్టుకు తగిలిన చోట కోత శుభ్రంగా ఉంటుంది, పిల్లలు గొడ్డలితో చెక్కినా అలా రాదు. కోతలోంచి ఊరిన రసం పైన పొరకట్టింది గానీ పుల్లతో నొక్కితే లోపల మెత్తగా ఉంది. ఒక్క చెట్టు మొదట్లో ఇంత సమాచారం ఉందని ఆయన చూపించకపోతే, పక్కనుంచి నడిచిపోయేవాళ్లం ఎవరమూ ఆగం.

పెంటిక గురించి ఆయన ఎక్కువ మాట్లాడడు. ముద్దలు ముద్దలుగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటుంది, విరిచి చూస్తే మక్క పొట్టో పల్లి తొక్కో కనపడుతుంది, ఎవరి చేను తిందో తెలుస్తుంది. అంతే.

ఒకచోట మాత్రం ఆయన అందరినీ వెనక్కి పంపించేశాడు. పొదల నడుమ ఎండుగడ్డి, కొమ్మలు, ఆకులు కలిపి పేర్చిన కుప్ప ఒకటి ఉంది, ఒక పక్కన దూరేందుకు సందుతో. ఈనబోయే ఆడపంది గుంపు విడిచి, నోటితో గడ్డి కోసి తెచ్చి కట్టుకునే గూడు అది. నాలుగు నెలలకు కాస్త తక్కువ మోసి, నాలుగు నుంచి ఆరు పిల్లలను ఈనుతుంది, పిల్లలకు మొదటి నెలల్లో ఒంటి మీద చారలుంటాయి. గూడు దగ్గరికి పోతే తల్లి మీదికి వస్తుందన్నది ఒక కారణం. తల్లి పోతే పిల్లలు గూట్లోనే మాడి చస్తాయన్నది ఆయన చెప్పిన రెండో కారణం. కుర్రవాళ్లు పంట పోతోందని వాదించబోయారు. ఆయన వినిపించుకోలేదు.

చట్టం కూడా తెలుసుకుని ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిపంది రక్షణ ఉన్న జంతువే. 2022 సవరణతో అది రెండో షెడ్యూలులో చేరింది. పంటకు నష్టం చేసే జంతువును చంపడానికి చట్టంలో 11వ సెక్షన్ వీలు కల్పిస్తుంది, అది కూడా రాతపూర్వకమైన అనుమతి ఉంటేనే. తెలంగాణ ప్రభుత్వం ఆ అధికారంలో కొంత సర్పంచులకు అప్పగించింది. కాల్చేది గుర్తింపు పొందిన షూటర్లు. అభయారణ్యం లోపల ఇదేదీ చెల్లదు. ఉచ్చులు, నాటుబాంబులు, చేను చుట్టూ కరెంటు తీగ నేరం. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: జాడ చదవడం రానివాడే కరెంటు తీగ పెడతాడు. ఏది ఎప్పుడు ఎటునుంచి వస్తుందో తెలియదు కాబట్టి, వచ్చిన ప్రతిదాన్నీ చంపే తీగ పరుస్తాడు. దానికి పందులతో పాటు మనుషులూ, పులులూ బలయ్యారు. పెద్దయ్య తిరిగే ఊళ్లలో తీగ పెట్టిన రైతు ఇంటికి ఆయన పోడు, పిలిచినా పోడు.

అమెరికాలో టెక్సస్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ సంగతులు కొత్త కాకపోవచ్చు. అక్కడి అడవిపంది కూడా ఇదే జాతి. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్న పెంపుడు పందులు అడవిన పడి పెరిగాయి. 2019 నుంచి సొంత భూముల్లో యజమాని ఒప్పుకుంటే వాటిని వేటాడటానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. అక్కడి వేటగాళ్లు మద్దిచెట్టుకు బదులు కరెంటు స్తంభాలను చూస్తారు. చెదపట్టకుండా తారునూనె పట్టించిన కర్ర స్తంభాలంటే పందులకు మహా ఇష్టం, పిడుదుల బాధ తీరుతుందని వాటికే వచ్చి రుద్దుకుంటాయి. వాటి మీద బురద ఎత్తు, తడి, వెంట్రుక చూడటం అక్కడా అదే విద్య.

ఇప్పుడు కొందరు రైతులు చెట్లకు కెమెరాలు కడుతున్నారు. పెద్దయ్యకు వాటి మీద కోపం లేదు. తన లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఫొటోలు తెప్పించుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తాడు. ఏ చెట్టుకు కట్టాలో, ఎంత ఎత్తున కట్టాలో కుర్రవాళ్లు ఆయననే అడుగుతారు.

ఇదంతా చూశాక ఆయన చెప్పే మాట చాలా చిన్నది. ఆ రోజు అన్నది ఇంతే: "రేపు రాత్రి. వాగు మలుపు అవతల, ఇప్పచెట్టు మీద. గాలి మీ దిక్కుకు కొడితేనే కూసోవాలె, మీ దిక్కునుంచి అటు కొడితే ఇంటికి పోండి. గుంపు మొదటి జాములో దాటుతది, దాన్ని పోనియ్యి. ఒంటిది తర్వాత వస్తది." పందికి చూపు అంతంతమాత్రం, వాసన మాత్రం అమోఘం; గాలి తప్పితే మిగతా లెక్కలన్నీ తప్పినట్టే. షూటర్ అనుమతి కాగితం జేబులో పెట్టుకుని మర్నాడు చీకటి పడకముందే ఇప్పచెట్టు ఎక్కాడు. పెద్దయ్య చెట్టు దగ్గర ఉండలేదు. తుమ్మకొమ్మ తీసుకుని గట్టు ఊడ్చి, రెండు నేలల్లోనూ మడమ నొక్కి, కుర్రవాణ్ని పొద్దుపొడవకముందే రమ్మని చెప్పి ఇంటికి నడిచాడు.